తప్పు దానిది కాదట!

ఐర్లండులో గుర్రాలను అమ్మే ప్రకటనలు ఎప్పుడైనా చదివారా? చెప్పొద్దూ, మన పెళ్లి ప్రకటనలు వాటి ముందు దిగదుడుపే!

వయసు తొమ్మిదేళ్లు. మూపు దగ్గర ఎత్తు 64 అంగుళాలు. తండ్రి ఐరిష్ డ్రాఫ్ట్, తల్లి థరోబ్రెడ్. అంటే తండ్రిది నాగలీ బండీ లాగిన వంశం, తల్లిది పందేల్లో పరుగెత్తే వంశం. ఆ ఎముక పుష్టీ ఈ వేగమూ కలిస్తే, వేటకుక్కల వెంట పొలాలకడ్డంపడి పోయేవాళ్లకు కావలసిన గుర్రం తయారన్నమాట. కంచెలు దూకుతుంది. నాడాలు కొడుతుంటే కదలదు. బండెక్కమంటే ఎక్కుతుంది. పిల్లలెక్కినా బెదరదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆఖరి రెండు మాటల దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ‘అమ్మడానికి కారణం దాని తప్పేమీ కాదు. మంచి ఇంటికే ఇస్తాం.’

దాని తప్పు కాకపోతే మరెవరిదండీ? పిల్ల కాలేజీకి వెళ్లిపోయింది. గడ్డికీ, శాలకీ, నాడాలకీ డబ్బు చాలడం లేదు. ఆ ముక్క రాయడానికి నామోషీ దేనికి? ఇక మంచి ఇల్లంటారా, ధర ఎక్కువిచ్చేవాడిదే మంచి ఇల్లు కాబోలు!

అమ్మడం పాపమని నేననను. సాకలేనివాళ్లు పస్తులుంచే కంటే అమ్మడమే నయం. కాని గుర్రం పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు బతుకుతుంది. కంచెలు దూకే సత్తువ అన్నాళ్లు ఉండదు. మోకాళ్లు అరిగాక కొన్నవాడు ఇంకొకడికి, వాడు మరొకడికి, ప్రతిసారీ ధర తగ్గించి అమ్ముతాడు. ఇలా చేతులు మారిన గుర్రం చివరికి అద్దెబండికి ఎలా చేరుతుందో ఆనా స్యూయెల్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1877లోనే ‘బ్లాక్ బ్యూటీ’ నవలలో రాసింది. చదివి కన్నీళ్లు పెట్టుకున్న వాళ్లే ఈ ప్రకటనలూ రాస్తున్నారు!

నేననేది ఒక్కటే. కాలికి తగిలిన పాత దెబ్బ దాచకండి. మళ్లీ అమ్మదలిస్తే ముందు మమ్మల్నే అడగాలని కాగితం మీద రాయించుకోండి. ధర తగ్గుతుందంటారా? తగ్గనివ్వండి. ఇన్నేళ్లు మీ పిల్లని జాగ్రత్తగా మోసినందుకు ఆమాత్రం బాకీ లేరూ?

గుర్రాల గొడవ మనకెందుకంటారా? నెమ్మదైనది, చెప్పినట్టు వింటుంది, ఖర్చు తక్కువ అని పొగిడించుకుంటూ పెళ్లిచూపుల్లో తలొంచుకు కూర్చున్నవాళ్లం. ఆ పొగడ్తల వెనకేముందో మనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందమ్మా?