నిప్పిచ్చిన వెలి

పూర్వము మన పల్లెలలో నొకని వెలివేసిరన్న, వానికి బావి నీరు తోడనీయరు, వాని పొయ్యికి నిప్పీయరు. ఆ యాచారము న్యాయమా, యన్యాయమా యన్నది వేఱు విషయము. వెలి యన నేమో మాత్రము దానిని విధించినవారికి సంపూర్ణముగ దెలిసియుండెను. 1935లో జెనీవాయందు సమావేశమైన నానాజాతిసమితికి ఈ పాటి గ్రామజ్ఞానము కొఱవడెను.

ఆ యేట అక్టోబరు 3న ఇటలీ నియంత ముస్సోలినీ సైన్యములు యుద్ధప్రకటనమైనను లేకయే అబిసీనియాపై (నేటి ఇథియోపియాపై) దండెత్తగా, నాలుగు దినములలోనే సమితి ఇటలీని దోషిగ నిర్ణయించెను. ఏబదికి మించిన రాజ్యములు సమితి యొడంబడికలోని పదునాఱవ నిబంధన ననుసరించి నవంబరు 18 నుండి ఆర్థికదండన నమలుజరుప బూనెను. ఇటలీకి ఆయుధము లమ్మరాదు, అప్పు లీయరాదు, దాని సరకు కొనరాదు. రబ్బరు, తగరము పంపరాదు. గుఱ్ఱములు, కంచరగాడిదలు, గాడిదలు, ఒంటెలు సైతము నిషిద్ధములయ్యెను. కాని యేది లేనిదే విమానము లేవదో, మోటారుబండి కదలదో, ఆ చమురు మాత్రము పట్టికలో జేరలేదు. బొగ్గును, ఉక్కును జేరలేదు. సమితిలో సభ్యత్వము లేని అమెరికా చమురు నమ్ముచుండగా మనము మానిన ఫలమేమని కొందఱును, మానినచో ముస్సోలినీ మనపైకే యుద్ధమునకు దిగునేమో యని కొందఱును దర్జనభర్జనలు పడుచుండగనే కాలము గడచిపోయెను. సూయజ్ కాలువగుండ సుంకము చెల్లించి ఇటలీ సైనికనౌకలు నిరాటంకముగ సాగెను.

దండన యిట్లు సగమై నిలిచిపోగా, దాని దెబ్బ దోషికి దగులలేదు. దాని నింద మాత్రము వానికి నాయుధమయ్యెను. డిసెంబరు 18న రోమునగరమున ఎలెనా రాణి మొదలుకొని సామాన్యగృహిణుల వఱకు తమ పెండ్లియుంగరములను దేశమునకు సమర్పించిరి. లోకమెల్ల నేకమై తమపై బడినదని నమ్మిన ప్రజ దురాక్రమణమునే యాత్మరక్షణముగ భావించెను. ఆవల, విమానములనుండి కురిసిన విషవాయువునకు అబిసీనియా ప్రజ లాహుతియగుచుండిరి. 1936 మే 5న ఆడిస్ అబాబా శత్రువశమయ్యెను. జూన్ 30న అబిసీనియా చక్రవర్తి హెయిలీ సెలాసీ స్వయముగ సమితి యెదుట నిలిచి మొఱపెట్టుకొనెను. జూలైలో సమితి దండననే యెత్తివేసెను.

దీనినిబట్టి ఆర్థికదండన యెల్లప్పుడు నిరర్థకమే యనువారితో నే నేకీభవింపను. పాము చావకుండ, కర్ర విరుగకుండ దానిని బ్రయోగింపజూచిన లౌక్యమే దానిని వ్యర్థ మొనర్చెను. దండించువాడు తానును గొంత నష్టమున కోర్వనిచో, దండన తన యంతరాత్మకు దాను జెప్పుకొను సమాధానము మాత్రమే యగును. చమురాపినచో యుద్ధము వచ్చునని నాడు వెఱచిరి గదా. చమురిచ్చియు దానిని దప్పించుకొనలేకపోయిరి. 1940 జూన్ 10న ఆ ముస్సోలినీయే బ్రిటను, ఫ్రాన్సులపై యుద్ధము ప్రకటించెను.