‘ఎట్ల తెలుసు?’ అన్న పిల్లవాడి తరఫున

తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి నమస్కారం.

నేను ముప్పై ఏళ్లు బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. చదువుకున్నది హనుమకొండలో. పరీక్షల ముందు వేయిస్తంభాల గుడి అరుగు మీద కూచుని పద్యాలు బట్టీ పట్టినవాళ్లలో నేనూ ఒకతెను. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. మొన్న చేసిన ఒక్కరోజు ప్రయాణంలో నాకు అర్థమైన సంగతి మీ చెవిన వేద్దామని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ శాఖ చేయగలిగిన పనే, పెద్దగా ఖర్చు లేని పనే.

మా అక్క కూతురు సెలవులకని డాలస్ నుంచి కొడుకును తీసుకుని వచ్చింది. పిల్లవాడికి పదకొండేళ్లు. "చిన్నమ్మా, వీనికి మన వరంగల్ అంతా ఒక్కరోజుల చూపియ్యాలె, నువ్వు గూడ రా" అంది. నాకే అప్పజెబితే ఆర్టీసీ బస్సెక్కించేదాన్ని. తను మాత్రం ఒక ట్రావెల్స్ వాళ్లతో కారు, డ్రైవరు, పొద్దంతా వెంట ఉండే గైడు కలిపి ప్రైవేటు టూర్ మాట్లాడింది. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. ముందు హనుమకొండ, తర్వాత ఖిలా వరంగల్, భోజనమయ్యాక పాలంపేట రామప్ప గుడి, రాత్రి పదింటికి ఇల్లు. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు తిరుగుడు.

గైడు పాతికేళ్ల కుర్రాడు. మర్యాదస్తుడు. నీళ్ల సీసాలు, గొడుగు, పిల్లవాడికి బిస్కెట్ల పొట్లం, అన్నీ తెచ్చుకున్నాడు. నేను టీచరునని చెప్పొద్దని మా పిల్లకు ముందే చెప్పాను. చెబితే ఆ అబ్బాయి నోరు కట్టుబడిపోతుందని.

వేయిస్తంభాల గుడి దగ్గర ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. అప్పజెబుతున్నాడని రెండో వాక్యానికే తెలిసింది. స్తంభాలు సరిగ్గా వెయ్యి అన్నాడు. గుడి కింద నుంచి ఖిలా దాకా రహస్య సొరంగం ఉందన్నాడు. మావాడు స్తంభాలు లెక్కపెట్టబోయి మధ్యలో ఆగి, తెలుగులోనే అడిగాడు: "సొరంగం ఉందని ఎట్ల తెలుసు?" గైడు నవ్వి, "అందరికీ తెలుసు బాబూ" అన్నాడు. ఆ గుడిని 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించాడని చెప్పే శాసనం అక్కడే ఉంది. కాకతీయులు చాళుక్యుల నీడలోంచి బయటపడి సొంతంగా నిలబడ్డ కాలం నాటి మాట అది, రాతి మీద ఉన్నది ఉన్నట్టు ఉంది. మేం దాని పక్కనుంచే నడిచి చెప్పుల దగ్గరికి వచ్చేశాం.

ఖిలాలో తోరణాల నడుమ నిలబెట్టి కోహినూర్ కథ ఎత్తుకున్నాడు. అది భద్రకాళి అమ్మవారి కన్ను అట, ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ పెకిలించుకు పోయాడట. మావాడు మళ్లీ అదే ప్రశ్న వేశాడు. గైడు ఫోన్లో ఒక వీడియో తీసి చూపించాడు. 1310లో కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనకు ఏనుగులు, గుర్రాలు, నిధులు ఇచ్చుకోవలసి వచ్చిన మాట చరిత్రే. ఆ సొత్తులో లోకంలో సాటిలేని రత్నం ఒకటి ఉందని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు కూడా. ఆ రత్నమే కోహినూర్ అన్నది తరువాతి వాళ్ల ఊహ. అమ్మవారి కన్ను అన్నది జనం చెప్పుకునే కథ. మూడూ వినదగ్గవే. కానీ ఆ కుర్రాడి నోట మూడూ కలిసి ఒకే ముద్దయి వచ్చాయి.

ఆ నాలుగు తోరణాల మధ్య ఖాళీ ఎందుకుందో మాత్రం అతను చెప్పలేదు. అక్కడ స్వయంభూ శివుడి గుడి ఉండేది. 1323లో ఢిల్లీ సేనతో వచ్చిన ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును, అంటే ఈ వరంగల్‌ను, పట్టుకున్నాక అది నేలమట్టమైంది. చుట్టూ పరచి ఉన్న చెక్కుడు రాళ్లు ఆ గుడివే. బందీగా ఢిల్లీకి పోతూ ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస తామ్రశాసనం చెబుతుంది. మన రాష్ట్ర చిహ్నం మీద ఉన్న తోరణం, గుడి పోయి మిగిలిపోయిన ద్వారం. ఈ సంగతి వింటే పదకొండేళ్లవాడు కాసేపు కదలకుండా నిలబడతాడని నాకు తెలుసు. బడిలో చూసినదాన్ని.

ములుగు దారిలో హోటల్లో భోజనానికి ఆగినప్పుడు ఆ అబ్బాయి జేబులోంచి ఒక కాగితం తీసి చూసుకుంటున్నాడు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాడు. నాలుగు పేజీలు, ఇంగ్లీషు టైపు. అడిగితే సిగ్గుపడుతూ ఇచ్చాడు. అతను డిగ్రీ చదివింది కామర్స్. పనిలో చేరిన రోజు ఈ కాగితం ఇచ్చి, వారంలో కంఠతా పట్టమన్నారట. జీతం లేదు, ట్రిప్పుకు ఇంత అని ఇస్తారు. "శాసనాలు చదవడం ఎవరన్న నేర్పిస్తె నేర్చుకుంట మేడమ్. ఎవరిని అడగాల్నో తెల్వది" అన్నాడు. ఆ మాట తెలుగులో అన్నాడు. పొద్దున్నుంచి అతని నోట విన్న మాటల్లో ప్రాణమున్న మాట అదే. తప్పు ఆ కుర్రాడిది కాదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

రామప్ప చేరేసరికి మూడు దాటింది. కాగితంలో మూడో పేజీ మొదటి వాక్యం మార్కో పోలోది. మధ్యయుగపు గుళ్ల నక్షత్రమండలంలో దీన్ని మించిన తార లేదని మార్కో పోలో అన్నాడట. ఈ మాట ఎన్ని చోట్ల చదివానో లెక్కలేదు. ఆయన పుస్తకంలో మన తెలుగు నేల గురించి ఉన్నది ముత్ఫిలి అనే చోటి వర్ణన. అంటే మోటుపల్లి రేవు. అక్కడి వజ్రాల గురించి రాశాడు, సన్నని నేత బట్టల గురించి రాశాడు, న్యాయంగా ఏలే ఒక రాణి గురించి రాశాడు. రామప్ప ఊసు లేదు. ఆ రాణిని భర్త పోయాక రాజ్యమేలుతున్న ఆవిడగా చెప్పాడు. పండితులు ఆవిడను రుద్రమదేవి అంటారు. రుద్రమదేవి కాకతీయ రాజు గణపతిదేవుడి భార్య కాదు, కూతురని మనకు శాసనాలు చెబుతున్నాయి. రేవులో ఆయనకూ ఎవరో ఒక గైడు తప్పు చెప్పి ఉంటాడు!

లోపల గర్భగుడి ద్వారం పక్కన చెట్టు మీద కృష్ణుడి శిల్పం ఉంది. దాన్ని గోటితో మీటితే సరిగమలు పలుకుతాయని మా గైడు మీటి చూపించాడు. పిల్లవాడూ చెయ్యి చాపాడు. అప్పుడే పక్కన వేరే కుటుంబానికి గుడి చూపిస్తున్న ఊరి పెద్దాయన ఒకాయన ఆపాడు. "వద్దు బిడ్డా. అందరు గట్లనే కొడ్తరు. దినాం వందమంది కొడ్తె రాయైన అరుగుతది. చెవు పెట్టకున్న కన్ను పెట్టి చూడు, చాలు."

మా వాడు ఆయన వెంట పడ్డాడు. ఆయన వాణ్ణి బయట చూరు కింద నిలబెట్టాడు. ఎర్రటి ఇసుకరాతి గోడల మీంచి నల్లరాతి స్త్రీ శిల్పాలు, మదనికలు, ముందుకు వంగి ఉన్నాయి. ఒకామె మెడలో హారం, ఆ హారం నీడ ఆమె ఒంటి మీద. నీడను కూడా శిల్పి లెక్కలో వేసుకున్నాడా అన్నట్టు ఉంది. కోణం మారితే నీడ జరుగుతుంది. వాడు రెండడుగులు ఇటు, రెండడుగులు అటు వేసి చూసుకున్నాడు. పెద్దాయన అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే అడిగాడు: "తాతా, రామప్ప ఎవరు?"

"శిల్పి పేరంటరు బిడ్డా. శాసనంల మాత్రం ఆ పేరు లేదు. 1213ల గణపతిదేవుని సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టిచ్చిండని ఉన్నది. దేవుని పేరు రుద్రేశ్వరుడు. రామప్ప ఎవరో మాకు తెల్వది. మా తాత చెప్పిండు, ఆయనకు వాళ్ల తాత చెప్పిండు."

మంత్రి గారూ, పొద్దున్నుంచి ఆ పిల్లవాడు అడుగుతున్న ప్రశ్నకు అదే మొదటి జవాబు. "తెల్వది" అన్న మాట విని వాడు నిరుత్సాహపడలేదు. ఇంకా దగ్గరికి జరిగాడు.

2021 జూలైలో రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. తెలుగు నేలకు అదే మొదటిది. అప్పటినుంచి కార్ల వరస పెరిగింది, మావంటి ఒక్కరోజు టూర్లు పెరిగాయి. గుడి రాళ్లకు 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కాపలా ఉంది. మదనిక వేలు విరగ్గొడితే కేసవుతుంది. ఆ మదనిక ముందు నిలబడి నోటికొచ్చింది చెబితే ఏమీ కాదు. దానికీ కేసు కావాలని నేను అనడం లేదు, మాటకు పోలీసు కాపలా వద్దు. అయితే గుడి సంరక్షణ కేంద్ర పురావస్తు శాఖ చూసుకుంటుంటే, గుడి గురించి జనం ఇంటికి తీసుకుపోయే మాట సంరక్షణ రాష్ట్ర పర్యాటక శాఖ చూసుకోవచ్చు కదా? చూడటానికి వచ్చినవాడు ఇక్కణ్నుంచి రాయి ఎత్తుకుపోలేడు. వెంట పోయేది మాటే.

నేను కోరేది ఒక చిన్న పద్ధతి. గైడు చెప్పే ప్రతి సంగతీ మూడింట్లో ఏ కోవదో అతనికి తెలియాలి. శాసనం చెప్పిందా, పండితుల ఊహా, జనం కథా? కథలను తీసేయమనడం లేదు. సొరంగం కథ లేని కోట ఏ ఊళ్లోనూ లేదు, కోహినూర్ లేకుండా ఓరుగల్లు ప్రయాణం పిల్లలకు రుచించదు. "ఇది మనోళ్లు చెప్పుకునే కథ" అని ముందో మాట చేరిస్తే చాలు, కథకు కథ మిగులుతుంది, చరిత్రకు చరిత్ర మిగులుతుంది.

నిజం చప్పగా ఉంటుందని ట్రావెల్స్ వాళ్ల భయం కావచ్చు. రామప్ప విమానానికి నీటిలో తేలే ఇటుకలు వాడారన్నది మా గైడు గారడీలా చెప్పాడు. పైకప్పు బరువు తగ్గించడానికి లోపల గుల్లగా ఉండే తేలిక ఇటుకలు కాల్చారని, పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టారని, లోపలి నేల ఎగుడుదిగుడైనా గుడి నిలిచిందని చెబితే ఇంజనీరింగ్ చదివే పిల్లలు కూచుని వింటారు. గణపతిదేవుడి గజసేనాని జాయప నృత్తరత్నావళి రాశాడని, ఏడు వందల ఏళ్ల తర్వాత నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ ఈ గోడల మీది నర్తకులనూ ఆధారం చేసుకుని పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారని చెబితే, అమ్మాయిలు ఆ శిల్పాల భంగిమలు అక్కడే పట్టి చూస్తారు. రుద్రమదేవి కాలం చేసిన ఏడాది 1289 అని మనకు చెప్పింది నల్లగొండ జిల్లా చందుపట్లలోని ఒక రాయి. ఊరి రాయి ఒకటి రాణి కథను సరిచేసిందంటే, ఇంతకన్నా పెద్ద కథ ఏం కావాలి?

ఇందుకు కావలసిన మనుషులు మనకున్నారు. కాకతీయ విశ్వవిద్యాలయం హనుమకొండలోనే ఉంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి వంటివారు శాసనాలు చదివి కాకతీయుల చరిత్ర రాసి పెట్టి పోయారు. కేంద్ర పర్యాటక శాఖ దేశం మొత్తానికీ ఆన్‌లైన్ శిక్షణ ఇస్తోంది, బాగానే ఉంది. ఓరుగల్లుకు ఓరుగల్లు పాఠం కావాలి. ఏటా వానాకాలంలో, టూర్లు తగ్గినప్పుడు, పది రోజులు గైడులను శాసనం ముందు కూచోబెట్టి చదివించండి. పాలంపేట, చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు, కుర్రాళ్లకు మొదటి వరస ఇవ్వండి. తెలుగులో చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదని చెప్పండి, వినేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. గైడుకు ఎంతివ్వాలో గేటు దగ్గర బోర్డు మీద రాయించండి, కమీషన్ల చేతుల్లో అతని కూలి చిక్కకుండా ఉంటుంది. ఒక్కరోజు టూర్ అమ్మేవాళ్లకు రామప్పలో రెండు గంటలకు తక్కువ ఆపొద్దని నమూనా షెడ్యూలు ఇవ్వండి. శిల్పాలను మీటవద్దన్నది గైడు చెప్పే మొదటి మాట కావాలి.

చివరగా ఆ కాగితం సంగతి. తిరుగు ప్రయాణంలో జనగామ దాటాక పిల్లవాడు గైడును అడిగి దాన్ని తీసుకున్నాడు. కారు లైటు వెలుగులో నేను చదువుతుంటే వాడు పెన్సిలుతో వాక్యం పక్కన ఒక్కో అక్షరం వేశాడు. శాసనమైతే ‘శా’, పండితుల మాటైతే ‘పం’, కథైతే ‘క’. ఏదీ తేలకపోతే వాడే ఒక గుర్తు కనిపెట్టాడు, ‘తె’ అని. ముందు సీట్లోంచి గైడు వెనక్కి తిరిగి కూచున్నాడు, అక్కడక్కడ తనూ ‘క’ వెయ్యమన్నాడు. ఉప్పల్ వచ్చేసరికి అయిపోయింది. నాలుగు పేజీల్లో ‘శా’ పడ్డవి ఐదే.

కాగితాన్ని గైడు తన ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, రేపటి ట్రిప్పుకు. నకలు ఒకటి ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. దాన్ని మించిన కాగితం మీ శాఖ అచ్చు వేయించి అతనికి ఇస్తుందని ఆశ.

ఇట్లు,
పిల్లవాడి అమ్మమ్మ,
హైదరాబాదు