పళ్లెంలో చచ్చిన సూక్ష్మజీవి... ఒంట్లోనూ చస్తుందా?

బోడుప్పల్: ఉప్పల్ కూడలి దాటి తార్నాక వైపు సాగితే ఒకే దారిలో హబ్సిగూడలోని సీసీఎంబీ, ఆ తరువాత ఐఐసీటీ, ఆపై ఉస్మానియా విశ్వవిద్యాలయం వస్తాయి. మరోపక్క నాచారం పారిశ్రామికవాడ. బోడుప్పల్, ఉప్పల్ పరిసరాల్లో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదివే పిల్లలున్న ఇళ్లలో ‘షిఫ్ బేస్ లోహ సంక్లిష్టాలు’ అన్న మాట వినిపించడంలో వింత లేదు. ఉస్మానియా రసాయనశాస్త్ర విభాగం నుంచి ఈ అంశంపై ఏళ్ల తరబడి పత్రాలు వెలువడుతున్నాయి. వాటిలో తరచూ కనిపించే ముగింపు: ఈ పదార్థం బాక్టీరియాను అణచివేసింది. మరి మందు ఏదీ?

జర్మనీలో పుట్టి ఇటలీలో పనిచేసిన హ్యూగో షిఫ్ 1864లో ఈ తరగతి పదార్థాలను వివరించారు. ఆల్డిహైడ్, అమీన్ కలిసినప్పుడు నీటి అణువు ఒకటి తొలగి, కార్బన్-నత్రజనుల మధ్య జంట బంధం ఏర్పడుతుంది. దానికి రాగి, కోబాల్టు, నికెల్, జింక్ వంటి లోహ అయానును జోడిస్తే సంక్లిష్టం సిద్ధం. ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఆల్కహాలులో మరిగించి, వడగట్టి, ఆరబెడితే చాలు. రంగు పొడి చేతికొస్తే విద్యార్థికి సగం పట్టా వచ్చినట్టే!

లోహం తోడైతే పదును పెరగడానికి కారణం చెబుతారు. లోహంపై ఉన్న ధనావేశం చుట్టూ ఉన్న అణువుతో పంచుకోబడి తగ్గుతుంది. అణువు కొవ్వులో తేలికగా కరిగి, బాక్టీరియా పొరను దాటిపోతుందన్నది వాదన.

వలయం చాలదు

చిక్కు కొలతలోనే ఉంది. అగార్ పళ్లెంలో మందు చుట్టూ తేటపడిన వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి ఫలితం ప్రకటించడం పరిపాటి. అయితే ఒట్టి రాగి అయాన్లు కూడా బాక్టీరియాను చంపగలవు. పైగా ఈ జంట బంధం నీటిలో, ముఖ్యంగా ఆమ్లంలో విడిపోయే స్వభావం కలది. చంపింది సంక్లిష్టమా, దాని నుంచి జారిన రాగియా అన్నది తేలకుండా ఎంత పెద్ద వలయమైనా నిరుపయోగమే. మనిషి కణాలకు హాని లేదని తేల్చడం మరో మెట్టు.

దారి అసలే లేదనలేం. షిఫ్ బేస్ కాకపోయినా, లోహ సంక్లిష్టమైన సిస్‌ప్లాటిన్‌కు మూలమైన పరిశీలన 1965లో వెలువడగా, 1978లో అమెరికాలో క్యాన్సర్ మందుగా అనుమతి దక్కింది. కోబాల్టు షిఫ్ బేస్ సంక్లిష్టం ఒకటి డాక్సోవిర్ పేరిట హెర్పిస్ వైరస్‌పై మానవ ప్రయోగాల దాకా వెళ్లింది.

కొత్త మందుల అవసరం మన ప్రాంతానికి పరాయిది కాదు. నగరానికి పడమట పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందులకు లొంగని బాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమైందని అంచనా.

పొడి తయారయ్యే గదికి, జీవకణాల శాస్త్రం తెలిసిన ప్రయోగశాలకు మధ్య ఇక్కడ దూరం కొద్ది కిలోమీటర్లే. పత్రం చేతికొచ్చినప్పుడు మొదట వెతకాల్సింది ఒక్క వరుస: పక్క గుంటలో ఒట్టి రాగి లవణాన్ని కూడా పెట్టి చూశారా, లేదా?