మూత లేని గోతులు

బొగ్గు గనుల మధ్య బతికేవారికి గొయ్యి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. గోదావరిఖని చుట్టూ ఓపెన్‌కాస్టు క్వారీలు, పక్కనే గోదావరి, ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టు. నీటి ప్రమాదం అనగానే మన కళ్లు అటే వెళ్తాయి. 2025 జనవరిలో కొండపోచమ్మ సాగర్‌లో ఐదుగురు యువకులు, జూన్‌లో మేడిగడ్డ దగ్గర గోదావరిలో ఆరుగురు మునిగి చనిపోయినప్పుడు రాష్ట్రమంతా మాట్లాడుకుంది. రెండేళ్ల పిల్ల ఇంటి సంపులో పడితే మాత్రం జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరి.

అయితే లెక్కలు మరో మాట చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోగా, వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. ఆ వయసు పిల్లలు నదికి ఈతకు వెళ్లరు. వారికి ప్రమాదం సంపు, డ్రమ్ము, బాత్రూములోని బకెట్. ఇప్పుడు వాటికి ఫంక్షన్ హాళ్లలో, ఫామ్‌హౌసుల్లో ఈత కొలనులు తోడయ్యాయి.

మునిగేవాడు చేతులు కొట్టుకుంటూ కేకలు వేస్తాడని సినిమాలు మనకు నేర్పాయి. చిన్నపిల్లలు అలా మునగరు. నోట్లో నీళ్లు నిండాక అరుపు రాదు. చుట్టూ ఇరవై మంది పెద్దలున్నా ఎవరికీ తెలియకుండానే జరిగిపోతుంది. అందరూ ఉన్నారు కదా అని ఎవరికి వారు అనుకోవడమే అక్కడి అసలు ప్రమాదం.

ఇక మన ఆవరణల సంగతి. చాలా సంఘాల్లో బాప్తిస్మపు తొట్టి ఉంది. ఆదివారం బాప్తిస్మాలయ్యాక పెద్దలు ప్రేమవిందుకు కూర్చుంటారు, పిల్లలు ఆవరణంతా పరుగెత్తుతారు, తొట్టిలో నడుము లోతు నీళ్లు అలాగే ఉంటాయి. రేపు వదిలేద్దాంలే అంటాం. ఆ రేపు ఒక్కోసారి బుధవారం దాకా సాగుతుంది!

నిర్గమకాండము 21వ అధ్యాయంలో గొయ్యి తవ్వి కప్పకుండా వదిలినవాని గురించి ఒక విధి ఉంది. అందులో ఎద్దుగాని గాడిదగాని పడి చస్తే గోతి యజమానుడే నష్టం చెల్లించాలి. పశువు చూసుకుని నడవాల్సిందని ధర్మశాస్త్రం అనలేదు. బిడ్డ పోయిన తల్లితో మాత్రం మనం, “నువ్వు చూసుకోవాల్సింది కదమ్మా” అంటున్నాం. తండ్రి నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు, తల్లి వంటింట్లో ఉంది, ఏడేళ్ల అక్క చేతిలో తమ్ముడున్నాడు. ఈ కాలనీల్లో ఇది రోజూ ఉండేదే. ఆ ఇంటికి కావలసింది నింద కాదు, సంపుకు తాళం వేసే మూత.

ఇదే విధి సింగరేణికీ వర్తిస్తుందని మా అభిప్రాయం. అందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది కనుక ఆ గోతులకు యజమాని ప్రభుత్వమే. తవ్వకం ఆగిన క్వారీకి బోర్డు చాలదు. అక్షరాలు రాని పిల్లవాడిని ఆపేది కంచె. అయితే మన తొట్టికి మూత వేయకుండా కంపెనీకి వినతిపత్రం రాయడం మాకు సిగ్గనిపిస్తుంది.

సంఘ పెద్దలు ఈ వారమే చేయగల పనులున్నాయి. తొట్టిని అదే సాయంత్రం ఖాళీ చేయాలి. వీబీఎస్ పిల్లలను కొలను ఉన్న చోటికి తీసుకెళ్తే నీళ్లను చూడటానికే ఒక మనిషిని పేరుపెట్టి నియమించాలి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, అరగంటకొకసారి మనిషి మారాలి. కొలనుకు నాలుగు వైపులా కంచె, దానంతటదే మూసుకునే గేటు లేకపోతే ఆ స్థలం వద్దనాలి.

మరొకటి. నీళ్లలోంచి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం మన దగ్గర ఇంకా ఉంది. అందులో పోయే నిమిషాలే ప్రాణం. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో శ్వాస ఇచ్చి, ఛాతీ నొక్కాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. మన సంఘాల్లో నర్సులున్నారు, గనుల్లో ప్రథమ చికిత్స నేర్చుకున్న కార్మికులున్నారు. ఒక ఆదివారం ఆరాధన తరువాత గంటసేపు వారి చేత నేర్పించమని కాపరులను కోరుతున్నాము.