అమ్మ చావు ఏ లెక్కలో ఉంది?

2021 మే నెలలో మా క్యాంపులో ఒక అన్న ఫోను పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాడు. వాళ్ళది జగిత్యాల దగ్గర ఊరు. ఇంట్లో అమ్మకు, నాయినకు ఒకే వారంలో జ్వరం వచ్చింది. నాయినను కారు మాట్లాడి కరీంనగర్ తీసుకుపోయారు, టెస్టు చేయించారు, బెడ్డు కూడా దొరికింది. అమ్మ మాత్రం "నాకేం కాలేదు, ముందు ఆయన్ను చూడుండ్రి" అని గోలీలు మింగి ఇంట్లోనే ఉన్నది. పది రోజుల్లో ఇద్దరూ పోయారు. ఇండియా పోతే మళ్ళీ రానిచ్చే గ్యారంటీ లేని రోజులవి. అన్న ఇక్కడే ఉండి ఏడ్చాడు.

తర్వాత నాయిన పేరు మీద ప్రభుత్వం ఇచ్చే 50 వేలు వచ్చాయి. అమ్మకు రాలేదు. ఆమెకు టెస్టు కాగితం లేదు, ఆస్పత్రి కాగితం లేదు.

కరోనాకు మగవాళ్ళే ఎక్కువ పోయారని మనమంతా విన్నాం. 2020 మేలో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పిన లెక్కలో చనిపోయినవాళ్ళలో నూటికి 64 మంది మగవాళ్ళే, సగం మంది 60 ఏళ్ళు దాటినవాళ్ళు. కానీ అది టెస్టు దాకా పోగలిగినవాళ్ళ లెక్క. మంచం మీదే కన్నుమూసిన అవ్వ అందులో ఎక్కడ కనిపిస్తుంది?

2024లో సైన్స్ అడ్వాన్సెస్ అనే పత్రికలో ఇంకో లెక్క వచ్చింది. అది ఆస్పత్రి కాగితాలు చూసి వేసింది కాదు, ఇంటింటి సర్వేలో 7.65 లక్షల మంది వివరాలు చూసి వేసింది. 2019తో పోలిస్తే 2020లో మగవాళ్ళ ఆయుర్దాయం 2.1 ఏళ్ళు తగ్గితే, ఆడవాళ్ళది 3.1 ఏళ్ళు తగ్గిందని అందులో ఉంది. కరోనా ఒక్కటే కాదు, ఆ ఏడాది అన్ని రకాల చావులూ ఇందులో కలిశాయి. చాలా దేశాల్లో జరిగినదానికి ఇది పూర్తిగా తిరగబడింది. కేంద్రం ఈ లెక్కను ఒప్పుకోలేదు. సర్వే చేసిన 14 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మన రెండు రాష్ట్రాలు లేవన్నదీ నిజమే. కానీ "ముందు ఆయన్ను చూడండి" అనే అమ్మ మన ప్రతి ఇంట్లో ఉంది కదా!

రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా కూడా చూడండి. తెలంగాణ, కేరళ జనాభా దాదాపు సమానం. కేరళ కరోనా చావులు సుమారు 70 వేలని రాసుకుంది. తెలంగాణ రాసుకున్నది 4 వేల చిల్లర. కేరళలో ముసలివాళ్ళు ఎక్కువే, కానీ దాచకుండా రాయడం కూడా అక్కడ ఎక్కువే. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వివరాల ప్రకారం తెలంగాణ లెక్కలో చావులు 3,993, పరిహారం దరఖాస్తులు 28,969. ఆంధ్రలో 14 వేల పైచిలుకు చావులకు 36 వేలకు పైగా దరఖాస్తులు. ఆ దరఖాస్తు కూడా పెట్టుకోలేని ఇళ్ళు ఎన్నో ఎవరికి తెలుసు?

తప్పు ప్రభుత్వాలది, అది గట్టిగానే అడగాలి. టెస్టు లేకుండా ఇంట్లో పోయినవాళ్ళ వివరాలు గ్రామాలవారీగా మళ్ళీ రాయాలి. కానీ మన వైపు కూడా ఒకసారి చూసుకుందాం. మనం పంపిన పైసలు ఇంటికి, పెళ్ళికి, అప్పుకు పోతాయి. అమ్మ బీపీ మాత్రలు ఆఖరు. కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళలో పనిచేసే అక్కలు కఫీల్ తల్లికి వేళకు మందు వేస్తారు, షుగర్ చూస్తారు. వాళ్ళ పిల్లల్ని ఊళ్ళో సాకుతున్న సొంత తల్లికి షుగర్ ఎంతుందో మాత్రం తెలియదు. ఆమె కాళ్ళ మీద నిలబడితేనే మనం ఇక్కడ నిలబడగలం.

అందుకే ఈ వారం ఫోన్ చేసినప్పుడు స్పీకర్ తీసేసి అమ్మతో విడిగా మాట్లాడండి. మందుల పైసలు ఆమె సొంత ఖాతాలో వేయండి. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఇంటికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. దానికి వయసు ఆధార్ కార్డులో చూస్తారు. మన అమ్మల ఆధార్‌లో వయసు అందాజుగా వేసిందే ఎక్కువ, ఇప్పుడే సరిచేయించండి. ఇంట్లో ఎవరు పోయినా 21 రోజుల్లో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో రాయించండి. ఆ గడువు దాటితే ఫీజులు, తిరుగుళ్ళు తప్పవు.

ఆ అన్న ఇప్పటికీ అంటాడు: "పైసలు రాలేదని కాదు, మా అమ్మ దేనితో పోయిందో ఒక్క కాగితం మీదన్నా రాయలేదు." ఇంకోసారి ఇలాంటి రోగం వస్తే మన అమ్మలు టెస్టు లైన్లోనూ ఉండాలి, లెక్కలోనూ ఉండాలి.