ఫుకువోకా పొలం, పదకొండు నెలల కౌలు

ప్రకృతి వ్యవసాయం మీద ఎక్కడ సభ జరిగినా జపాన్ రైతు మసనోబు ఫుకువోకా పేరు వినబడక మానదు. దున్నొద్దు, ఎరువు వేయొద్దు, కలుపు పీకొద్దు, మందు కొట్టొద్దు అన్న ఆయన నాలుగు మాటలు వేదిక మీద కూర్చున్నవాళ్లకు కంఠతా వచ్చు. 1975లో జపాన్‌లో, 1978లో ఇంగ్లిష్‌లో వచ్చిన ఆయన పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘గడ్డిపరకతో విప్లవం’ పేరుతో తెలుగులోకి తెచ్చింది. ఆ పుస్తకం చదివి సేద్యంలోకి దిగినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. అయితే ఆ నాలుగు ‘వద్దు’ల గురించి ఇంతగా చెప్పుకునే మనం, అవి ఏ పొలంలో పుట్టాయో, ఆ పొలం మీద ఆ మనిషికి ఎన్నేళ్ల భరోసా ఉందో అడగం. నా దృష్టిలో ఆయన జీవితం నుంచి మనం ముందుగా నేర్చుకోవలసింది అదే. ఒకే నేల మీద ఏళ్ల తరబడి నిలబడే హక్కు లేని రైతుకు ప్రకృతి వ్యవసాయం నేర్పడమంటే, ఫలం ఇంకొకరికి పోయే పనిని అతని ఖర్చుతో చేయించడమే.

ఫుకువోకా 1913లో జపాన్‌లోని షికోకు దీవిలో, ఎహిమే రాష్ట్రంలో పుట్టారు. చదివింది మొక్కల తెగుళ్ల శాస్త్రం. యోకొహామా రేవులో వచ్చీపోయే మొక్కల్ని తనిఖీ చేసే ఉద్యోగం చేస్తుండగా 1937లో పెద్ద జబ్బు చేసింది. ఆ తర్వాత మనసు మారి, ఉద్యోగం వదిలేసి ఊరికి తిరిగొచ్చారు. తండ్రి ఆ ఊళ్లో భూస్వామి. కొడుకుకు కొండవాలున ఉన్న నారింజ తోట అప్పగించాడు. ప్రకృతికి వదిలేస్తే చాలు, చెట్లు వాటంతటవే బాగుపడతాయని కొడుకు కొమ్మలు కత్తిరించడం మానేశారు. అప్పటిదాకా కత్తిరింపుకు అలవాటుపడిన కొమ్మలు ఒకదానికొకటి అడ్డంపడ్డాయి, పురుగు పట్టింది, చెట్లు వందల లెక్కన ఎండిపోయాయి. వదిలేయడం వేరు, ప్రకృతిని అనుసరించడం వేరు అని ఆయనకు తెలిసింది ఆ చెట్లు పోయాకే. తర్వాత కొన్నేళ్లు కోచిలోని (కేరళ కొచ్చి కాదు, షికోకులోని కోచి) వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో మళ్లీ పొలంలోకి దిగారు.

ఈ మధ్యలో ఒక ముఖ్యమైన సంగతి జరిగింది. మన ప్రకృతి వ్యవసాయ ప్రసంగాల్లో ఇది వినపడదు. అమెరికా ఆక్రమణ సైన్యాల హయాంలో జపాన్‌లో భూసంస్కరణ వచ్చింది. అంతకుముందు దేశంలోని సాగుభూమిలో సగానికి కాస్త తక్కువ కౌలు సేద్యంలో ఉండేది. 1950 నాటికి అది పదో వంతుకు పడిపోయింది. దున్నేవాడికి భూమి దక్కింది. పోగొట్టుకున్నవాళ్లలో ఫుకువోకా తండ్రి ఒకడు. ఆ కుటుంబానికి వరి మడి ఎకరంలో ఎనిమిదింట మూడొంతులు మాత్రం మిగిలింది, కొండ మీది తోట కాక. తర్వాత ప్రపంచాన్ని తన పొలం గట్టు మీదికి రప్పించిన ప్రయోగాలు ఆ కాస్త సొంత మడితో, ఆ తోటతో మొదలయ్యాయి. అంటే ఆ ప్రయోగాలకు పెద్ద కమతం అక్కర్లేకపోయింది గానీ, వచ్చే ఏడు కూడా ఇది నాదే అన్న నిశ్చింత మాత్రం కావలసి వచ్చింది.

ఆ పద్ధతిని కొంచెం దగ్గరగా చూడాలి. అక్టోబరులో, వరి ఇంకా చేను మీద ఉండగానే అందులో నేలను కప్పి పెరిగే తెల్ల క్లోవర్ విత్తనం, ఆ వెనక బార్లీ చల్లుతారు. వరి కోసే వేళకు బార్లీ మొలక అంగుళం, రెండంగుళాలు ఉంటుంది. కోతవాళ్లు దాన్ని తొక్కుతూనే నడుస్తారు, అది మళ్లీ లేస్తుంది. నవంబరులో వచ్చే ఏటి వరి విత్తనాన్ని బంకమట్టిలో ఉండలు చేసి చల్లుతారు. ధాన్యం నూర్చగా వచ్చిన గడ్డి మొత్తాన్ని తిరిగి ఆ మడిలోనే వేస్తారు. గడ్డి పొందిగ్గా వరసలో పరిస్తే మొలక బయటికి రాలేదు, చిందరవందరగా విసిరితేనే వచ్చింది. మే నెలలో బార్లీ కోత. జూన్ వానల్లో వారం, పది రోజులు మడిలో నీరు నిలబెడితే క్లోవరూ కలుపూ నీరసిస్తాయి, వరి పైకొస్తుంది. ఒక్క వారం అటూ ఇటూ అయితే పిచ్చుకలు తింటాయి, లేదా కలుపు మింగుతుంది. ఏమీ చేయని సేద్యం అని ఆయనే పేరు పెట్టారు గానీ, ఈ తేదీలు ఖాయం కావడానికి ఒకే మడిలో పదుల పంటలు పండించి చూడాల్సి వచ్చింది. పావు ఎకరానికి వరి 22 బుషెళ్లు, అంటే దాదాపు 590 కిలోలు వస్తుందనీ, బార్లీ కూడా అంతేననీ రాసుకున్నారు. మన లెక్కలో ఎకరాకు 75 కిలోల బస్తాలు ముప్పై దాటాయి. ఇది ఆయన స్వయంగా చెప్పిన లెక్క, అందరికీ అదే దిగుబడి వచ్చిందని ఎవరూ అనలేరు. అయినా పాతికేళ్లు నాగలి పెట్టని మడిలో ఆ పంట రావడాన్ని ఎందరో వచ్చి చూశారు. 1988లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది, విశ్వభారతి విశ్వవిద్యాలయం దేశికోత్తమ బిరుదుతో గౌరవించింది.

ఇదంతా మనకు పరాయి విద్యేం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పదును చూసుకుని, నిలబడి ఉన్న చేలోనే మినుములో పెసలో వెదజల్లడం ఎప్పటినుంచో ఉంది. దుక్కి లేదు, ఎరువు లేదు. వరికి పెట్టిన తడితోనే మినుము కాపుకొస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం తొలకరికి ముందే నవధాన్యాల విత్తనాన్ని మట్టి, పేడ, బూడిదలతో గుళికలు చేసి పొడినేలలో చల్లిస్తోంది. ఏడాది పొడవునా నేలను పచ్చగా ఉంచాలన్నది ఆలోచన. ఫుకువోకా మట్టి ఉండలకు ఇది దగ్గరి చుట్టం. 2016లో మొదలైన ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. అంతకు చాలా ముందే అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల పురుగుమందులు మానేసింది, అప్పటి వరంగల్ జిల్లా ఏనెబావి ఊరు ఊరంతా సేంద్రియానికి మారింది. మనకు పద్ధతులు తెలుసు, నేర్పేవాళ్లున్నారు, వినేవాళ్లూ ఉన్నారు.

చిక్కల్లా భూమి దగ్గరే. దేశంలో కౌలు సేద్యం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. డెల్టాలో చాలా ఊళ్లలో మడిలో దిగేది ఒకరు, పాసుపుస్తకం ఇంకొకరిది. కౌలు నోటిమాట మీద, ఏడాదికో పంటకో కుదురుతుంది. మక్తా ముందే ఖాయం. పంట పండినా, తుపానుకు నేలవాలినా ఎకరాకు ఇన్ని బస్తాలని ఆసామికి కొలవాల్సిందే. ఆ రైతు ముందున్న లెక్క చూడండి. రెండు వందల అరవై ఆరున్నర రూపాయలు పెడితే 45 కిలోల యూరియా బస్తా వస్తుంది. దాని పచ్చదనం వారం తిరక్కుండా కనపడుతుంది, దాని ఫలితం ఈ పంటలోనే చేతికొస్తుంది. జీలుగ వేసి కలియదున్నినా, గడ్డి మడిలోనే వదిలినా, పేడతో చేసే ఘనజీవామృతం తోలినా నేలకు జీవం రావడానికి మూడేళ్లో, నాలుగేళ్లో పడుతుంది. అప్పటికి ఆ మడి ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. పైగా నేల బాగుపడితే ఆసామి వచ్చే ఏడు రెండు బస్తాలు ఎక్కువ అడుగుతాడు, లేదా అంతకు సిద్ధపడిన ఇంకొకరికి ఇస్తాడు. యూరియా చల్లే కౌలు రైతుకు అవగాహన లేదని శిక్షణ శిబిరంలో అనుకోవడం తేలిక. అతనికి అవగాహన ఉంది, లెక్క కూడా వచ్చు. తండ్రి తోటలో చెట్లు చంపి, మళ్లీ అదే తోటకు తిరిగి రాగలిగిన ఫుకువోకా వెసులుబాటు అతనికి లేదు. అతను ఒక్క పంట పోగొట్టుకుంటే మడీ పోతుంది, పరపతీ పోతుంది.

చట్టం ఈ విషయంలో నడిచిన దారి విచిత్రం. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి కౌలుదారీ చట్టం కనీసం ఆరేళ్ల కౌలు ఉండాలని చెప్పింది. ఆసాములు భయపడి కాగితమే రాయడం మానేశారు, కాబట్టి ఆ ఆరేళ్లు పుస్తకంలోనే మిగిలాయి. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కార్డు గడువు పదకొండు నెలలు, ఆసామి ఒప్పుకుని సంతకం పెడితేనే. అప్పుకూ బీమాకూ ఆ కార్డు పనికొస్తే మంచిదే. కానీ పదకొండు నెలల్లో రెండు పంటలు తీయొచ్చేమో గానీ, నేల తీరు మార్చలేం. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం మొదలైనప్పుడు డబ్బు పట్టాదారు ఖాతాకే వెళ్లింది, కౌలు రైతు లెక్కలోకే రాలేదు. ఒక చేత్తో నేలను నమ్ముకొమ్మని చెబుతూ, ఇంకో చేత్తో ఆ నేల నీది కాదని ఏటా గుర్తు చేస్తున్నాం.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో మొదటిది దిగుబడి. రసాయనాలు మానేస్తే తిండిగింజలు తగ్గుతాయి, శ్రీలంకను చూడలేదా అంటారు. చూశాం. 2021 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది, వరి దెబ్బతింది, నవంబరు నాటికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. యూరియాకు అలవాటుపడిన నేలకు రాత్రికి రాత్రి యూరియా ఆపితే ఏమవుతుందో, కత్తిరింపు ఆగిన నారింజ చెట్లు 1930ల చివర్లోనే చెప్పాయి. అది ప్రకృతి వ్యవసాయానికి వ్యతిరేక సాక్ష్యం అనేకన్నా, గడువు ఇవ్వకపోతే ఏమవుతుందన్నదానికి సాక్ష్యం అనడం న్యాయం. ఖర్చులేని ప్రకృతి సేద్యం మీద 2019లో మన జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సందేహాలు వెలిబుచ్చినప్పుడు కొందరు ఉద్యమకారులు కోప్పడ్డారు. కోపం అనవసరం. దిగుబడి తగ్గే ఏళ్లు ఉంటాయని ముందే ఒప్పుకుంటే, ఆ ఏళ్ల నష్టం ఎవరు భరించాలన్న అసలు ప్రశ్న బయటికొస్తుంది. ఒప్పుకోకపోతే ఆ నష్టం చప్పుడు లేకుండా కౌలు రైతు నెత్తిన పడుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. జపాన్‌లో భూసంస్కరణతో సొంతదారులైన రైతులు ఫుకువోకా దారి పట్టారా? పట్టలేదు. యంత్రాలు, రసాయనాలు ముమ్మరంగా వాడారు, ఆయన తన ఊళ్లోనే చాలాకాలం ఒంటరి. మన దగ్గర కూడా పట్టా ఉన్న ఆసాములేం తక్కువ మందులు కొట్టడం లేదు. గుంటూరు మిరప తోటలే సాక్ష్యం. కాబట్టి భూమి హక్కు వస్తే ప్రకృతి సేద్యం దానంతటదే వస్తుందని నేను అనడం లేదు. ఎరువుల సబ్సిడీ, మార్కెట్, విత్తన కంపెనీలు అన్నీ తమ వంతు లాగుతాయి. హక్కు ఉన్న రైతు మారొచ్చు, మారకపోవచ్చు. హక్కు లేని రైతు మారాలనుకున్నా మారలేడు. ప్రభుత్వం డబ్బు పెట్టి నేర్పుతున్నప్పుడు ఈ తేడా చిన్నదేం కాదు.

మూడోది ఆసామి మాట. పొలం అయిదారేళ్లకు రాసిస్తే తిరిగొస్తుందా అని అతని భయం. ఎకరమో రెండెకరాలో ఉండి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చిన్న ఉద్యోగం చేసుకునే మనిషిని, భర్త పోయి ఒంటరిగా ఉన్న మహిళను భూస్వాముల జాబితాలో వేసి కొట్టిపారేయలేం. వాళ్ల భయానికి జవాబు 2016లో నీతి ఆయోగ్ ఇచ్చిన నమూనా కౌలు చట్టంలో ఉంది. గడువు ఇరువురూ రాసుకోవచ్చు, ఎన్నేళ్లు దున్నినా యాజమాన్య హక్కు రాదు, కౌలు ముగిసేనాటికి ఇంకా ఫలితం ఇవ్వాల్సిన పెట్టుబడి మిగిలి ఉంటే దాని విలువ కౌలుదారుకు దక్కుతుంది. ఒంటరి కౌలుదారుకు ఆసామి దగ్గర మాట చెల్లకపోతే, సంఘంగా వెళ్లినప్పుడు చెల్లుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కలిసి భూములు కౌలుకు తీసుకుని చిరుధాన్యాలు పండించాయి, కేరళలో కుటుంబశ్రీ బృందాలు ఆ పని పెద్ద ఎత్తున చేశాయి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయమే మహిళా పొదుపు సంఘాల మీద నడుస్తోంది. ఆ సంఘాల మహిళల్లో చాలామంది పేర పట్టా లేదు. సంఘం పేర అయిదేళ్ల కౌలు రాయించడం మొదలుపెట్టడానికి ఇంతకన్నా తయారుగా ఉన్న చోటు ఇంకోటి కనపడదు.

చేయాల్సిన పనుల జాబితా పెద్దదేమీ కాదు. ప్రకృతి సేద్యానికి నమోదైన మడికి పదకొండు నెలల కార్డు బదులు కనీసం అయిదేళ్ల కార్డు ఇవ్వాలి. కౌలు మొదలైన రోజున, ముగిసిన రోజున మట్టి పరీక్ష చేయించి సేంద్రియ కర్బనం ఎంతుందో ఆ కార్డు మీదే రాయాలి. కర్బనం పెరిగితే పెరిగినదానికి ఎకరాకు ఇంత అని కౌలుదారుకు చెల్లించాలి. ఆ చెల్లింపు ఆసామి మీద వేస్తే ఒక్కరూ ముందుకు రారు కాబట్టి, దాన్ని ప్రభుత్వమే భరించాలి. ఇప్పటికే ఊరూరా ప్రకృతి వ్యవసాయ సిబ్బంది ఉన్నారు, మట్టి నమూనా తీయడం వాళ్లకు రాని పనేం కాదు. కార్డు గడువు మార్చడానికి మాత్రం చట్టసభలో సవరణ కావాలి, దానికి ఆసాముల ఓట్లను తలచుకుని వెనుకాడని ప్రభుత్వం కావాలి.