జేబు చిన్నదైతే తల వంచాలా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసివ్వమని తమ్ముళ్లు అడిగారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి పెద్దలు ఎలాగూ రాస్తారు. అందుకని మేము ఎవరూ రాయని విషయం ఒకటి రాయాలనుకున్నాం. అది బయటి తిండి. హాస్టల్లో పెట్టే తిండి గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. గేటు దాటి ఉప్పల్ రోడ్డు మీదికి వెళ్లినప్పుడు, జేబులో ఉన్న డబ్బుతో మనం ఎక్కడ తింటున్నాం, ఎలా తింటున్నాం అన్నది మాత్రం ఎవరూ రాయలేదు.

మేమంటే ఈ హాస్టల్లో ఒకే గదిలో మూడేళ్లు ఉండి డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు పీజీ చదువుతున్న నలుగురం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి మేమే. కాబట్టి పట్నంలో హోటల్‌కు ఎలా వెళ్లాలో, బిల్లు ఎలా చూడాలో మాకు ఇంట్లో చెప్పినవాళ్లు లేరు. దెబ్బలు తిని నేర్చుకున్నాం. ఆ దెబ్బలు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తగలకూడదనే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక లెక్క చూద్దాం. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హాస్టళ్ల డైట్ చార్జీలు నలభై శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే వాళ్లకు నెలకు 1,500 రూపాయలు ఉన్నది 2,100 అయింది. అంటే రోజుకు 70 రూపాయలు. ఉదయం టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం, అన్నీ అందులోనే. ఈ 70 రూపాయలను మనసులో పెట్టుకుని మనం రోడ్డు మీదికి వెళ్దాం.

ఉప్పల్ మామూలు ఊరు కాదు. వరంగల్ నుంచి, జనగామ నుంచి, యాదగిరిగుట్ట నుంచి వచ్చే బస్సులు ఇక్కడే మనుషులను దించుతాయి. ఇక్కడే మెట్రో ఎక్కాలి. కూలీలు, కోచింగ్ పిల్లలు, కంపెనీ ఉద్యోగులు అందరూ ఈ రోడ్డు మీదే తింటారు. అందువల్ల ఐదు రూపాయల నుంచి వెయ్యి రూపాయల దాకా ఏ జేబుకు తగ్గ తిండి ఆ జేబుకు దొరుకుతుంది.

మొదటి మెట్టు ఐదు రూపాయలు. హైదరాబాద్ నగరపాలక సంస్థ 2014లో హరేకృష్ణ సంస్థతో కలిసి ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. అన్నం, కూర, సాంబారు, పచ్చడి పెడతారు. 2025లో వీటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, ఐదు రూపాయలకే ఉదయం టిఫిన్ కూడా మొదలుపెట్టారు. కోచింగ్‌కు తిరిగిన రోజుల్లో మేము ఎన్నో మధ్యాహ్నాలు ఈ భోజనంతోనే గడిపాం. తిండి శుభ్రంగా ఉంటుంది, వేడిగా ఉంటుంది. అయితే చాలా చోట్ల నిలబడే తినాలి. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు పక్కన పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడితే ఆకలి తీరుతుంది కానీ అలసట తీరదు.

రెండో మెట్టు టిఫిన్ బండి, కర్రీ పాయింట్. ముప్పై నలభై రూపాయలకు ఇడ్లీ ప్లేటు, ఇంకో పది వేస్తే దోశ. గదిలో అన్నం వండుకునే వాళ్లకు కర్రీ పాయింటే దిక్కు. ఒక కప్పు పప్పు, ఒక కప్పు వేపుడు తెచ్చుకుంటే ఇద్దరికి ఒక పూట గడుస్తుంది. బండి దగ్గర కూడా కూర్చునే చోటు ఉండదు. మగపిల్లలం ఎట్లాగో నిలబడి తినేస్తాం. రాత్రి ఎనిమిది దాటాక బండి దగ్గర ఒంటరిగా నిలబడి తినాలంటే మన చెల్లెళ్లు ఎంత ఇబ్బంది పడతారో ఒకసారి ఆలోచించండి. లైబ్రరీ నుంచి వచ్చి బిస్కెట్లు తిని పడుకున్న అమ్మాయిలు మా క్లాసులోనే ఉన్నారు.

మూడో మెట్టు మెస్. నూరు నూట ఇరవై రూపాయలకు మీల్స్. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, చేయి కడుక్కునే చోటు ఉంటుంది. అన్నం రెండోసారి అడిగి వేయించుకోవచ్చు. మా దృష్టిలో విద్యార్థికి అన్నిటికంటే లాభమైనది ఇదే. ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో కడుపునిండా తింటే రాత్రి దాకా మళ్లీ ఆకలి వేయదు.

నాలుగో మెట్టు బిర్యానీ హోటల్. మనిషికి రెండొందల యాభై నుంచి నాలుగొందల దాకా అవుతుంది. ఇక్కడే మండి సంగతి కూడా చెప్పాలి. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన యెమెన్ దేశపు అరబ్బులు బార్కస్‌లో స్థిరపడ్డారు. వాళ్ల వంట ఈ మండి. అక్కడి నుంచి ఇప్పుడు శివార్లన్నిటికీ పాకింది. పెద్ద పళ్లెంలో అన్నం, పైన మాంసం పెట్టి ఇస్తారు. నలుగురూ చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తినాలి. తలా ఇంత వేసుకుంటే బిర్యానీ కంటే చవకే పడుతుంది. మేము నలుగురం పండుగ చేసుకునేది ఇక్కడే.

ఐదో మెట్టు ఏసీ రెస్టారెంటు, బఫే. బఫేకు మనిషికి ఏడెనిమిది వందలు, పైన పన్ను. ముగ్గురు మనుషులు ఒక పూట తింటే మన హాస్టల్ విద్యార్థి ఒకరి నెల తిండి ఖర్చు దాటిపోతుంది. తినకూడదని మేము అనడం లేదు. తెలిసి తినమంటున్నాం.

ఈ ఐదు మెట్లూ ఎక్కి దిగాక మాకు ఒక సంగతి అర్థమైంది. నలభై రూపాయలకూ నాలుగొందలకూ మధ్య ఉన్న తేడాలో తిండి పాలు తక్కువ. మిగతాది కుర్చీకి, ఫ్యానుకు, తొందర పెట్టకుండా కూర్చోనిచ్చే గంటకు, "ఏం కావాలి సార్" అనే పిలుపుకు కడుతున్నాం. పేదవాడికి దొరకనిది తిండి ఒక్కటే కాదు, కూర్చునే చోటు కూడా.

కూర్చునే చోటు అనగానే మన పెద్దలు గుర్తుకు రాకమానరు. మా తాతలు ఊళ్లో చాయ్ హోటల్ లోపలికి పోలేదు. బయట చూరుకు వేరే గ్లాసు పెట్టి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టి రావాలి. డబ్బులు మాత్రం అందరితో సమానంగా తీసుకునేవారు. విదేశాల్లో పెద్ద చదువు చదివి బరోడా కొలువుకు వెళ్లిన డాక్టర్ అంబేద్కర్‌కే ఉండడానికి చోటు దొరకలేదు. పేరు మార్చుకుని ఒక పార్శీ సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. అంతటి మనిషికే ఆ గతి పట్టినప్పుడు మన తాతల మాట చెప్పాలా?

అదే అంబేద్కర్ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడై తయారు చేసిన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం ఉంది. కులం, మతం, జాతి, లింగం, పుట్టిన చోటు పేరుతో దుకాణాల్లోకి, హోటళ్లలోకి ఎవరినీ రానివ్వకుండా చేయకూడదని అందులో ఉంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం హోటల్లో అందరి కోసం ఉంచిన పాత్రలను అంటరానితనం పేరుతో వాడనివ్వకపోవడం కూడా నేరమని చెప్పింది. అంటే చూరుకు పెట్టిన ఆ రెండో గ్లాసు మీద దేశం ఒక చట్టమే చేసింది. తమ్ముళ్లారా, మనం హోటల్లో కుర్చీ లాక్కుని కూర్చోవడం వెనుక ఇంత కథ ఉంది.

చట్టం ఉన్నా మనసులో జంకు పోలేదు. మాలో ఒకరి అమ్మ డిగ్రీ పట్టా ఇచ్చే రోజు పట్నం వచ్చింది. మధ్యాహ్నం మెస్‌కు తీసుకుపోయాం. అందరం కూర్చున్నాం. ఆమె మాత్రం కుర్చీ పట్టుకుని నిలబడి, "ఈడ మనం కూసోవచ్చా కొడుకా?" అని మెల్లగా అడిగింది. ఆ మెస్‌లో ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా అడిగింది. మాకు అన్నం ముద్ద దిగలేదు.

మా అనుభవం ఇంకొకటి. మాలో ఇద్దరం కొన్నాళ్లు సాయంత్రం పూట ఫుడ్ డెలివరీ చేశాం. ఒకరోజు పని లేనప్పుడు, మంచి చొక్కాలు వేసుకుని, తినడానికే ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్లాం. తలుపు దగ్గరి మనిషి మమ్మల్ని చూసి "పార్శిల్ కౌంటర్ అటు పక్క" అన్నాడు. మేము ఏమీ అనకుండా తిరిగి వచ్చేశాం. అతడూ మనలాంటి బీద ఇంటివాడే, అతడి మీద మాకు కోపం లేదు. అలా తిరిగి వచ్చినందుకు మా మీద మాకే కోపం. "తినడానికి వచ్చామన్నా" అని ఒక్క మాట చెప్పి లోపలికి వెళ్లాల్సింది.

ఈ జంకుకు రెండో ముఖం గొప్పకు పోవడం. మన హాస్టల్లో 'పార్టీ' అనే జబ్బు ఒకటి ఉంది. ఎవరికి స్కాలర్‌షిప్ పడినా, పుట్టినరోజు వచ్చినా, చిన్న ఉద్యోగం దొరికినా "పార్టీ ఎప్పుడు?" అని వెంటపడతాం. మెస్‌లో పెడతానంటే నవ్వుతాం. మాలో ఒకడికి స్కాలర్‌షిప్ పడినప్పుడు ఆరుగురం కలిసి ఏసీ రెస్టారెంటుకు లాక్కుపోయాం. తిన్నది 3,000 రూపాయలు, సర్వీస్ చార్జి 300, పన్ను 165. మొత్తం 3,465. వాడి దగ్గర రెండు వేలే ఉన్నాయి. మిగతాది తిన్నవాళ్లమే అప్పు ఇచ్చాం, తిన్నవాళ్లమే వసూలు చేసుకున్నాం. తర్వాతి నెల పరీక్ష ఫీజుకు డబ్బు లేక వాడు ఇంటికి ఫోన్ చేశాడు. మిరపకాయలు ఏరే కూలి డబ్బు వాళ్లమ్మ పంపింది. ఆ రోజు మేము తిన్నది ఆమె కూలి అని తర్వాత తెలిసింది. దీన్ని స్నేహమని ఎట్లా అంటాం?

ఆ 300 రూపాయల సర్వీస్ చార్జి తప్పనిసరి కాదని కూడా అప్పుడు మాకు తెలియదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే దాన్ని బిల్లులో బలవంతంగా కలపకూడదని చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. పన్ను వేరు, సర్వీస్ చార్జి వేరు. పన్ను ప్రభుత్వానికి పోతుంది, కట్టాలి. సర్వీస్ చార్జి మన ఇష్టం. తీసేయమని అడగవచ్చు. కూర్చోగానే సీసా నీళ్లు తెచ్చిపెడితే "మామూలు నీళ్లు ఇవ్వండి" అనడంలో కూడా తప్పు లేదు. మెనూలో ముందు కుడివైపు ధర చూసి తర్వాత ఎడమవైపు పేరు చూడటం మనకు అలవాటు. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. సిగ్గుపడాల్సింది చూడకుండా తెప్పించుకుని పక్కవాడి చేత కట్టించడానికి.

చివరగా మా అభిప్రాయాలు మూడు. మొదటిది ప్రభుత్వానికి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై, 2019లో ఆగిపోయి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో ఐదు రూపాయలకే రాత్రి భోజనం కూడా ఉంది. మన దగ్గర కూడా విద్యార్థులు ఎక్కువగా ఉండే చోట్ల రాత్రి భోజనం పెట్టాలి. నాలుగు బల్లలు, ఒక కుళాయి, ఆడపిల్లలు నిశ్చింతగా కూర్చునేటంత వెలుతురు ఉండాలి. పేదవాడికి అన్నం పెట్టే ప్రభుత్వం కూర్చోమని కూడా అనాలి.

రెండోది మన హాస్టల్‌కు. పార్టీ అడిగే ఆచారం ఈ వార్షికోత్సవం నుంచే మానేద్దాం. సంతోషం వచ్చినవాడి చేత కట్టించకుండా తలా ఇంత వేసుకుని వాడికే మనం పెడదాం. కొత్తగా చేరిన తమ్ముణ్ని సీనియర్లు మొదటి ఆదివారం మెస్‌కు తీసుకువెళ్లి, ఏది ఎక్కడ ఎంతకు దొరుకుతుందో చూపించాలి. మాకు అది చెప్పినవాళ్లు ఉంటే ఆ 3,465 రూపాయల బిల్లు వచ్చేది కాదు.

మూడోది మనకు మనం చెప్పుకోవాల్సింది. ఐదు రూపాయల క్యాంటీన్ ముందు వరుసలో నిలబడినప్పుడు క్లాసువాళ్లు చూస్తారేమోనని ముఖం తిప్పుకోవద్దు. ఏసీ రెస్టారెంటు తలుపు దగ్గర తడబడవద్దు. మొదటిచోట తినడం చిన్నతనం కాదు, రెండోచోట తినడం గొప్పతనం కాదు. ఎక్కడ తినాలో జేబు చెబుతుంది. ఎలా కూర్చోవాలో మాత్రం రాజ్యాంగం చెప్పింది.

మొన్న పండుగకు ఆ అమ్మ మళ్లీ పట్నం వచ్చింది. అదే మెస్‌కు వెళ్లాం. ఈసారి మమ్మల్ని అడగలేదు. కూర్చుంది. సాంబారు ఇంకొంచెం వేయమని తనే పిలిచి చెప్పింది.